పెద్ద చక్రాలు వేశాక టైరు రాసుకుంటోందా? ఫెండర్ మీద సుత్తి పడకముందు చేయాల్సిన పనులు

కారు ఎత్తు తగ్గించి కిందికి దించి, 15 అంగుళాల చక్రాలు తీసేసి 17 వేయించి, దుర్గమ్మ కొండ దగ్గర వాహనపూజ చేయించి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చేదాకా అంతా బాగానే ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుని మొదటి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు వెనక నుంచి గర్రుమంటుంది.

నాకు ఆ శబ్దం గుంటూరు బ్రాడీపేటలో వినిపించింది. విజయవాడ నుంచి పెళ్ళికి బయల్దేరాం. వెనక సీట్లో అమ్మ, పిన్ని, బాబాయి. డిక్కీలో చీరల సూట్‌కేసు, అరటిగెల. వారధి దాటి, మంగళగిరి దాటి, కాజ టోల్‌గేటు దాటి హైవే మీద ఏ చప్పుడూ లేకుండా వచ్చింది. ఊళ్ళోకొచ్చి ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేసరికి గర్రుమంది, ఆ వెంటనే రబ్బరు వాసన. "ఏమైందిరా?" అని బాబాయి అడిగితే ఏదో రాయి తగిలుంటుందన్నాను. ఇంకో నాలుగు రాళ్ళు తగిలాయి.

మర్నాడు నేను చేసిన తప్పు ఏమిటంటే, చూపించుకోకుండా మందు వాడాను. చక్రాలు బిగించిన షాపులోనే అడిగితే ఫెండర్, అంటే చక్రం మీదుండే బాడీ రేకు, అంచు మడిచేస్తే పోతుందన్నారు. సరేనన్నాను. ముందు రెండు ఫెండర్ల లోపలి అంచును సుత్తితో కొట్టి పైకి మడిచారు. పెయింటు సన్నగా పగిలింది. శబ్దం మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే రాసుకుంటున్నది ముందు చక్రాలు కాదు, వెనకవి. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏ చక్రం ఎక్కడ తగులుతుందో తెలుసుకోకుండానే సుత్తి పట్టుకుంటే ఎట్టా బాబూ? ముందు పోయి చాక్‌పీసు తీసుకురా" అన్నాడు. కింద రాసిందంతా ఆ చాక్‌పీసుతో మొదలైన పనే.

ముందు టైరు చూడండి

అసలు ఆ కారును ఇంకా నడపవచ్చో లేదో తేల్చుకోవడం మొదటి పని. నాలుగు టైర్లనూ చేత్తో తడమండి, బయటి పక్కా, లోపలి పక్కా. లోపలి పక్క కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. చక్రం విప్పితేనే తెలుస్తుంది. రబ్బరు పైపైన నునుపుగా మెరుస్తుంటే ఫర్వాలేదు, మిగతా పరీక్షలకు టైముంది. గాడి పడినా, చీలిక ఉన్నా, లోపలి దారాలు కనిపించినా, పక్కగోడ మీద బుడిపె లేచినా ఆ టైరు పని అయిపోయినట్టే. దాన్ని తీసి స్టెప్నీ వేసుకోండి. హైవే వేగంలో పక్కగోడ పేలితే స్టీరింగ్ మన చేతిలో ఉండదు.

కారు కింద చెయ్యి పెట్టే ముందు ఒక మాట. దించిన కారు కిందికి మామూలు జాకీ దూరదు. ముందు చక్రాన్ని అంగుళం మందం చెక్క మీదికి ఎక్కిస్తే జాకీకి చోటు దొరుకుతుంది. లేపాక కింద స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రాల గూట్లోకి తల దూర్చకండి.

శబ్దం ఎప్పుడు వస్తోంది?

నాలుగు సందర్భాలు గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

నెమ్మదిగా యూటర్న్ చేస్తూ స్టీరింగ్ ఫుల్ కట్ చేసినప్పుడే వస్తే, ముందు చక్రం గూట్లో ఉండే ప్లాస్టిక్ లైనర్‌కో, బంపర్ వెనక అంచుకో, లోపల చాసిస్‌కో తగులుతోంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద తిరిగేటప్పుడు చాలామందికి మొదటిసారి వినపడేది ఇదే. ఇది కొంచెం తేలికైన జబ్బు.

తిన్నగా పోతూ గుంతలో పడ్డప్పుడో, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడో వస్తే, చక్రం పైకి లేచి ఫెండర్ అంచుకు గానీ గూటి పైభాగానికి గానీ తగులుతోంది. కారులో మీరొక్కరే ఉన్నప్పుడు రాకుండా, వెనక సీటు నిండినప్పుడే వస్తే అది వెనక చక్రాలదే. నాకు జరిగింది అదే. ముందు ఫెండర్లు కొట్టించడం శుద్ధ దండగ.

వంపు తిరుగుతూ గతుకు ఎక్కినప్పుడే వస్తే, వంపుకు బయటి పక్కనున్న చక్రాన్ని చూడండి. కారు బరువంతా అటే ఒరుగుతుంది. కుడికి తిరిగితే ఎడమ చక్రం.

వేగంతో పాటు పెరుగుతూ, గతుకులతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉండే రొద అయితే అది రాపిడి కాకపోవచ్చు. వీల్ బేరింగ్ పోయినా అలాగే మోగుతుంది. చక్రం విప్పి బిగించేటప్పుడు బ్రేక్ డిస్క్ వెనక ఉండే రేకు కొంచెం వంగినా సర్రుమని గీరుతుంది. దాన్ని వేలితో వెనక్కి లాగితే చాలు. కారు వణుకుతుంటే అది ఇంకో కథ. బయట కొనే అలాయ్ చక్రాలకు మధ్య రంధ్రం పెద్దగా ఉంటుంది, చాలావాటికి 73.1 మి.మీ. మన మారుతి, హ్యుందాయ్ చిన్న కార్ల హబ్, అంటే ఆ రంధ్రంలో కూర్చునే ఇరుసు మొన, 54.1. ఆ తేడా నింపే ప్లాస్టిక్ రింగు వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు.

చాక్‌పీసు, చపాతీ పిండి

ఇప్పుడు తెల్ల చాక్‌పీసుతో నాలుగు టైర్ల బయటి భుజం మీద, అంటే రోడ్డుకు ఆనే భాగం పక్కగోడతో కలిసే అంచు మీద, చుట్టూ మందంగా గీయండి. లోపలి భుజం మీద పసుపుపచ్చ చాక్‌పీసుతో గీయండి. రెండు రంగులు ఎందుకంటే, తర్వాత ఫెండర్ మీద తెల్లది అంటితే బయటి పక్క తగిలిందనీ, షాక్ అబ్జార్బర్ మీద పసుపు అంటితే లోపలి పక్క తగిలిందనీ ఇట్టే తెలిసిపోతుంది.

తర్వాత బరువు. ఖాళీ కారుతో చేసే పరీక్ష లెక్కలోకి రాదు. స్నేహితులు దొరికితే సరే, లేకపోతే 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది వెనక సీట్లో వేస్తే 200 కిలోలు. పెళ్ళికి వెళ్ళే కుటుంబం బరువు ఇంచుమించు అంతే. ఉదయం ఆరు లోపు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మీ వీధిలో అన్నిటికంటే ఎత్తయిన స్పీడ్ బ్రేకర్‌ను రెండుసార్లు దాటండి. ఖాళీ స్థలంలో ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి ఫుల్ కట్ చేసి గుండ్రంగా తిప్పండి. ఏదైనా మాల్ బేస్‌మెంట్ ర్యాంపు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. మలుపు, ఎత్తు రెండూ ఒకేసారి దొరుకుతాయి. దిగి టార్చి వేసి చూడండి. తగిలిన చోట చాక్ చెరిగి నల్లగా గీత కనిపిస్తుంది. ఎదురుగా లోపల ఎక్కడో తెల్లటి పొడో, పసుపు పొడో అంటుకుని ఉంటుంది. లైనర్ అడుగున పెన్సిల్ చెక్కినట్టు సన్నటి నల్ల తురుము పడి ఉంటే అక్కడ చాన్నాళ్ళుగా రాసుకుంటోందన్నమాట.

తగలకుండా తప్పించుకుంటున్న చోట్ల ఎంత ఖాళీ మిగిలిందో చాక్ చెప్పదు. దానికి చపాతీ పిండి. గట్టిగా కలిపిన ముద్దను నిమ్మకాయంత తీసుకుని, పాల కవరు ముక్కలో చుట్టి, ఫెండర్ లోపలి అంచు మీద టేపుతో అంటించండి. మళ్ళీ అదే బరువుతో అదే బ్రేకర్ దాటండి. ముద్ద నలిగితే, నలిగాక మిగిలిన మందమే మీ ఖాళీ. స్కేలుతో కొలుచుకోండి. నా లెక్కలో 8 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఏదో ఒకటి చేయాల్సిందే, ఎందుకంటే రేపు అంతకంటే పెద్ద గుంత ఒకటి ఎదురవుతుంది. నా కారు వెనక ఎడమ చక్రం దగ్గర ముద్ద అప్పడంలా పల్చబడి, కవరు చినిగి, టైరుకు పిండి అంటుకుంది. కొలవాల్సిన అవసరం రాలేదు.

కాగితం మీద లెక్క

ఎక్కడ తగులుతోందో తెలిసింది. ఎందుకు తగులుతోందో తెలియాలంటే రెండు లెక్కలు వేయాలి. ఇవి షాపువాళ్ళు వేయరు. "సేమ్ సైజే సార్, ఏం కాదు" అంటారు.

మొదటిది టైరు ఎత్తు. రిమ్ అంగుళాలను 25.4తో గుణించండి. వెడల్పులో ప్రొఫైల్ శాతం ఎంతో చూసి, దాన్ని రెట్టింపు చేసి కలపండి. పాత టైరు 185/65 ఆర్15 అనుకుందాం. 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 65 ప్రొఫైల్ శాతం, 15 రిమ్ అంగుళాలు. 381కి 240.5 కలిపితే 621.5 మి.మీ. నాకు అంటగట్టిన 205/50 ఆర్17 లెక్క వేస్తే 431.8కి 205 కలిపి 636.8. అంటే ఎత్తు 15 మి.మీ. పెరిగింది, గూటిలో పై ఖాళీ అందులో సగం, 7.5 మి.మీ. తగ్గింది. కారు అప్పటికే 35 మి.మీ. దించి ఉంది. రెండూ కలిపితే టైరుకూ ఫెండర్‌కూ మధ్య దాదాపు 43 మి.మీ. ఖాళీ పోయింది. నాలుగు వేళ్ళు దూరే చోట వేలు కష్టంగా దూరుతుంటే శబ్దం రాక ఏం చేస్తుంది? పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు కారు మునుపటి కంటే రెండున్నర శాతం వేగంగా పోతుంటుంది.

రెండో లెక్క ఆఫ్‌సెట్. రిమ్ వెనకవైపు ఈటీ అని రాసి పక్కన అంకె ఉంటుంది. రిమ్ వెడల్పు సగానికి కోసినట్టు ఊహించుకుంటే, హబ్‌కు ఆనే పలక ఆ మధ్య గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. పాతది 6జె, అంటే ఆరంగుళాల వెడల్పు, ఈటీ 45. కొత్తది 7జె, ఈటీ 35. రిమ్ ఒక అంగుళం వెడల్పు పెరిగింది కాబట్టి అటు 12.7, ఇటు 12.7 మి.మీ. ఆఫ్‌సెట్ పది తగ్గింది కాబట్టి మొత్తం చక్రం పది బయటికి జరిగింది. బయటి పక్కకు 12.7కి 10 కలిపితే 22.7 మి.మీ. పొడుచుకొచ్చింది. లోపలి పక్కకు 12.7లోంచి 10 తీసేస్తే 2.7 మి.మీ. మాత్రమే షాక్ అబ్జార్బర్ వైపు దగ్గరైంది. ఈ కారులో లోపల తగిలే ప్రమాదం తక్కువ, బయట ఫెండర్‌కు తగలడం ఖాయం అని చక్రాలు కొనకముందే, కాగితం మీదే తెలిసిపోయేది. నేను కొన్న తర్వాత వేశాను.

ఒకే సైజు రాసి ఉన్నా అన్ని కంపెనీల టైర్లూ ఒకే లావు ఉండవు. కొన్నింటి భుజాలు గుండ్రంగా, కొన్నింటివి పెట్టెలా చదరంగా ఉంటాయి. పక్కింటబ్బాయి కారుకు తగలని సైజు మీకు తగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు మందు, చవకదానితో మొదలుపెట్టి

ముందు గాలి. ఉదయం, కారు కదలకముందు చూడాలి. ఎండలో వారధి దాటి వచ్చి పెట్రోల్ బంకులో చూస్తే వేడికి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించవచ్చు. గాలి తక్కువైతే పక్కగోడ ఉబ్బి, కారు ఇంకొంచెం కూర్చుంటుంది. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్‌లో ఉన్న అంకెకు తెచ్చి మళ్ళీ పరీక్ష చేయండి. రాపిడి పోవాలని 40 దాటించి కొట్టిస్తే టైరు మధ్యలోనే అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టూ తగ్గుతుంది.

తర్వాత లైనర్. ముందు చక్రం గూట్లో ప్లాస్టిక్ షీటు చుట్టూ క్లిప్పులు ఉంటాయి. చక్రాలు మార్చేటప్పుడు ఒకటో రెండో ఊడిపోవడం మామూలే. ఊడిన చోట షీటు వేలాడి టైరు మీద పడుతుంది. ఫుల్ కట్ చేసినప్పుడు నా కారులో వచ్చిన రెండో శబ్దం అదే. స్పేర్ పార్ట్స్ షాపులో క్లిప్పులు చిల్లరకే దొరికాయి, పది నిమిషాల పని. క్లిప్పులన్నీ ఉండీ తగులుతుంటే, ఆ చోట హీట్ గన్‌తో లైనర్‌ను మెత్తబరిచి, గుడ్డ చుట్టిన చేత్తో లోపలికి నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. కోసేయమని చెప్పేవాళ్ళుంటారు. కోస్తే వానాకాలం బురదంతా లోపలి వైర్ల మీదికి పోతుంది. కోయక తప్పకపోతే చాక్ అంటినంత మేరే కోయండి.

ఇక్కడే ఇంకోటి చూడండి. ఫెండరూ ముందు బంపరూ కలిసే చోట, చక్రం గూటి అంచులో, ఒక స్క్రూ ఉంటుంది. చాలా కార్లలో దాని తల లోపలికి పొడుచుకుని ఉంటుంది. మొత్తం ఫెండర్ ఏమీ చేయకపోయినా ఆ ఒక్క స్క్రూ టైరు భుజాన్ని చాకులా గీస్తుంది. దాని స్థానంలో తల పల్చగా ఉన్నది వేస్తే సరిపోవచ్చు.

అలైన్‌మెంట్ మూడోది. కారు దించాక అలైన్‌మెంట్ ఎలాగూ మారుతుంది, చేయించి తీరాలి. ముందు చక్రాలకు క్యాంబర్ బోల్టు వేసి పైభాగాన్ని కొంచెం లోపలికి వంచవచ్చు. ఒక డిగ్రీ వంచితే టైరు పై అంచు, హబ్ మధ్యతో పోలిస్తే, 5 మి.మీ. పైచిలుకు లోపలికి వెళ్తుంది. రోజూ తిరిగే కారుకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దాటితే లోపలి అంచు గబగబా అరిగిపోతుంది. టైర్ల రేట్లు చూశారుగా. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఒకే దూలం లాంటి యాక్సిల్ ఉంటుంది. దానికి ఈ సర్దుబాటు ఉండదు. "వెనక క్యాంబర్ కూడా తిప్పేస్తాం సార్" అని ఎవరైనా అంటే ఎలాగో చూపించమనండి.

స్పేసర్ల గురించి కాస్త జాగ్రత్త. హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే ఈ బిళ్ళలు చక్రాన్ని బయటికి నెడతాయి. పసుపు చాక్ లోపల షాక్ అబ్జార్బర్‌కు అంటినవాళ్ళకే ఇవి పనికొస్తాయి. తెల్లది ఫెండర్‌కు అంటినవాళ్ళు వేస్తే రోగం ముదురుతుంది. 5 మి.మీ. స్పేసర్ వేసినా నట్టు పట్టే మరలు ఆ మేరకు తగ్గుతాయి. చేత్తో బిగిస్తూ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. 12 మి.మీ. బోల్టు, 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లో) అయితే కనీసం ఎనిమిది చుట్లు, 1.25 పిచ్ అయితే పది తిరగాలి. అంతకు తక్కువైతే పొడుగు బోల్టులు వేయించాలి. బద్ధకిస్తే చక్రమే ఊడుతుంది.

తర్వాత స్ప్రింగులు. ఇది కాస్త మొహమాటం లేకుండా చెప్పాలి. స్ప్రింగ్‌ను గ్రైండర్‌తో కోయించి కారు దించినవాళ్ళకు పైన చెప్పిన ఏ చిట్కా నిలవదు. కోసిన స్ప్రింగ్ పొట్టిదైపోయి, జాకీ మీద చక్రం వేలాడినప్పుడు దాని గూట్లో వదులుగా కదులుతుంది, పక్కకు జారి కూర్చుంటుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాత ఎత్తుకు చేసింది, కాబట్టి త్వరగా అడుగంటుతుంది. దాని మీదుండే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్కను "అడ్డమొస్తోంది" అని తీసేసి ఉంటే, చక్రాన్ని ఆపేది ఇక ఫెండరే. ముందు ఆ రబ్బరు ఉందో లేదో చూసి, లేకపోతే వేయించండి. కోసిన స్ప్రింగులు తీసేసి కంపెనీవో, ఆ కారుకే చేసిన తక్కువ ఎత్తు స్ప్రింగులో వేయించండి. కాయిలోవర్లు, అంటే ఎత్తు సర్దుకునే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ సెట్లు, ఉన్న అదృష్టవంతులు రింగు తిప్పి పది మి.మీ. లేపుకుంటే చాలాసార్లు సమస్య అక్కడితో తీరుతుంది. స్ప్రింగ్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు అమ్ముతారు. అవి కారును లేపుతాయి, నిజమే. కానీ ఆ ఒక్క చుట్టు పనిచేయకుండా పోయి, బరువు మిగతా చుట్ల మీద పడుతుంది. నేను వేయించుకోను.

ఫెండర్ రోలింగ్ చేయించాల్సి వస్తే

కొన్ని కార్లకు చివరికి ఇది తప్పదు. ఫెండర్ లోపల అంచు పది, పన్నెండు మి.మీ. మేర లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడతను పైకి పడుకోబెట్టడమే రోలింగ్. అయితే దాన్ని సుత్తితో చేయించకండి. ఆటోనగర్‌లో వెతికితే రోలర్ ఉన్న టింకరింగ్ షాపు దొరుకుతుంది. హబ్‌కు బిగించే ఇనుప చెయ్యి, చివర నైలాన్ చక్రం, అదే రోలర్. రోలర్ లేదంటే దొరికేదాకా ఆగండి.

పని జరుగుతుంటే దగ్గరుండి చూడండి. మొదట అంచులోని మట్టీ తారూ కడిగి తుడవాలి. ఇసుక రేణువు ఒకటి ఉన్నా రోలర్ కింద పెయింటును గీస్తుంది. తర్వాత హీట్ గన్‌తో అంచును వేడి చేయాలి. చెయ్యి ఆన్చి రెండు సెకన్లు ఉంచలేనంత వేడి, అంటే 60 డిగ్రీల చుట్టుపక్కల. చల్లగా ఉన్న పెయింటు గాజులా పగులుతుంది, వేడెక్కితే సాగుతుంది. మా ఎండాకాలంలో మధ్యాహ్నం చేయిస్తే సగం హీట్ గన్ పని సూర్యుడే చేస్తాడు. రోలర్‌ను అంచుకు 45 డిగ్రీల్లో ఆన్చి, అటు చివరి నుంచి ఇటు చివరికి మెల్లగా నాలుగైదు సార్లు తిప్పి, మళ్ళీ వేడి చేసి, ఇంకొంచెం బిగించి, మళ్ళీ తిప్పాలి. ఒక్క చక్రానికి అరగంట పట్టిందంటే సరిగ్గా చేస్తున్నట్టు. ఐదు నిమిషాల్లో అయిపోతుందంటే పెయింటు పగలబోతోందని అర్థం. వెనక ఫెండర్లకు ఇంకో చిక్కుంది. అక్కడ బయటి రేకూ లోపలి రేకూ ఆ అంచు దగ్గరే అతికి ఉంటాయి, మధ్యలో సీలెంట్ ఉంటుంది. మడిస్తే ఆ సీలెంట్ పగిలి నీళ్ళు లోపలికి పోతాయి. పని అయిపోగానే ప్రైమర్, సీలెంట్, అండర్‌కోటింగ్ వేయించండి. నా ముందు ఫెండర్లు సుత్తి దెబ్బ తిన్నాక ఇవేవీ వేయలేదు. జూలై వానలకు అంచు వెంబడి కాఫీ పొడి చల్లినట్టు తుప్పు లేచింది.

అసలు సైజే మార్చేయడం

ఇన్ని చేసే ముందు, టైరు ప్రొఫైల్ ఒక మెట్టు తగ్గిస్తే సరిపోతుందేమో చూడండి. రిమ్ అదే ఉంచి 205/50 చోట 205/45 వేస్తే ఎత్తు 616.3. కంపెనీ టైరు కంటే 5 మి.మీ. తక్కువే, అంటే ఒక శాతం కూడా తేడా లేదు. గూటిలో పైన పది మి.మీ. ఖాళీ తిరిగొస్తుంది. స్పీడోమీటర్ కూడా దారికొస్తుంది.

ఊరికే రాదు. కారు అడుగు అంత మేర ఇంకా కిందికి పోతుంది. పక్కగోడ 120 మి.మీ. ఉండేది 92కి వచ్చేసరికి గుంత నేరుగా రిమ్‌కు తగులుతుంది. కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ చూడండి. పాత టైరు మీద 88 ఉంటే, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని, కొత్తదాని మీద కూడా 88 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 84 అయితే 500 కిలోలే. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ కూడా చూసుకోండి. 2324 అంటే 2024లో 23వ వారం.

నేను చేసింది ఇదే. టైర్లు 205/45కి మార్చి, వెనక అంచులు మాత్రం రోలర్‌తో పడుకోబెట్టించి, ముందు లైనర్‌కు క్లిప్పులు వేయించాను. ఆ 205/50 టైర్లు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు, సగం ధరకు పోయాయి. మొదటే లెక్క వేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మీ కారు పై మోడల్‌కు కంపెనీయే ఇచ్చే చక్రాల సైజు దగ్గర ఆగడం మంచిది. టైరు ఫెండర్ దాటి బయటికి కనపడితే ఎవరైనా ఆపి అడుగుతారు. ఇన్సూరెన్స్ వాళ్ళకు కూడా రాసి చెప్పండి, క్లెయిమ్ రోజున గొడవ ఉండదు.

పని అయ్యాక

నట్లను ఎయిర్ గన్‌తో బిగించి వదిలేస్తే సరిపోదు. మీ కారు పుస్తకంలో ఉన్న టార్క్‌కు (ఎంత బలంగా బిగించాలో చెప్పే అంకె), టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లు వరుసలో బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి. ఎత్తు మారింది కాబట్టి అలైన్‌మెంట్ ఇంకోసారి, హెడ్‌లైట్ల కోణం కూడా.

ఆ తర్వాత మళ్ళీ బియ్యం బస్తాలు, మళ్ళీ చాక్‌పీసు, మళ్ళీ చపాతీ పిండి, అదే స్పీడ్ బ్రేకర్. నా కారు వెనక ఎడమ పక్క ముద్ద ఈసారి 11 మి.మీ. దగ్గర ఆగింది. టైరు రొటేషన్ చేయించిన ప్రతిసారీ, కొత్త టైర్లు వేసినప్పుడూ ఈ పరీక్ష మళ్ళీ చేస్తాను. వంటింట్లో పిండి తగ్గితే అమ్మ ఇప్పుడు అడగదు, కారు తాళాలు ఎక్కడున్నాయో చూస్తుంది.